ఘరియాల్ గణన: కనిపించినవెన్ని, నదిలో ఉన్నవెన్ని?

సంపాదకులకు నమస్కారం.

ఏటా చలికాలం చివర్లో, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా పారే చంబల్ నదిలో సన్నని పొడవాటి మూతి ఉండే ఘరియాల్ మొసళ్ల గణన ముగిశాక తెలుగు పత్రికల్లోనూ ఒక వార్త వస్తుంది. నిరుడు ఇన్ని, ఈసారి ఇన్ని, పెరిగాయనో తగ్గాయనో ఒక శీర్షిక, అంతే. 2020లో 1,859, 2021లో 2,176, 2022లో 2,014. ఇవి ఆ గణనల అంకెలుగా పత్రికల్లో అచ్చయినవే. వీటిని నమ్మితే ఘరియాల్‌లు ఒక ఏడాదిలో 17 శాతం పెరిగి, మరుసటి ఏడాది 7 శాతం తగ్గాయనుకోవాలి. ఆడ ఘరియాల్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. పిల్లలు ఎక్కువగా బతికి బట్టకట్టిన ఏడాది, పెంపక కేంద్రాల నుంచి ఎక్కువ వదిలిన ఏడాది సంఖ్య కొంత పెరగొచ్చు. కానీ ఇలా ఎక్కడంలో, దిగడంలో లెక్కపెట్టిన రోజుల పాత్ర చాలా ఉంటుంది. ఆ రోజు ఎండ కాసిందా, పొగమంచు పట్టిందా, ఎగువ నుంచి నీళ్లు వదిలారా, పడవలో ఎంతమంది చూశారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. నదుల్లో మొసళ్లను లెక్కపెట్టే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, ఆ అంకె ఎలా వస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. మన మంజీర మొసళ్లకూ ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

ముందు కాస్త పూర్వాపరం. 1970ల మధ్యకల్లా దేశంలో ఘరియాల్‌లు రెండు వందల లోపే మిగిలాయని అంచనా. తోలు కోసం వేట, గుడ్లు తవ్వుకుపోవడం, వలలు, ఆనకట్టలు అన్నీ కలిసి ఆ స్థితికి తెచ్చాయి. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొసళ్ల పరిరక్షణ ప్రాజెక్టు మొదలైంది. నది ఒడ్డున గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని దాదాపు మూడేళ్లు సాకి, నాలుగడుగుల పొడవు వచ్చాక నదిలో వదిలే పద్ధతి అప్పటిదే. ఈ పనికి కావలసిన సిబ్బందిని తయారుచేసేందుకు కేంద్ర మొసళ్ల పెంపక, నిర్వహణ శిక్షణ సంస్థను పెట్టింది హైదరాబాద్‌లోనే. ఘరియాల్ మన నదుల జీవి కాదు, దక్షిణాన దాని హద్దు ఒడిశాలోని మహానది. అయినా దాన్ని నిలబెట్టే పనిలో మన ఊరికి అలా ఒక పాత్ర ఉంది.

ఆ తర్వాత వేల సంఖ్యలో పిల్లల్ని నదుల్లో వదిలారు. అలా వదిలినవాటి మొత్తం లెక్క ఏటా పెరుగుతూ పోయింది. మరోపక్క భారత్, నేపాల్ కలిపి 1997లో 436గా అంచనా వేసిన ఈడొచ్చిన ఘరియాల్‌లు 2006 నాటికి 182కి పడిపోయాయి. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఈ జాతిని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నవాటి వరుసలో చేర్చింది. పిల్లలు, పెద్దలు అన్నీ కలిపేసిన మొత్తం అంకె ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. పెద్దవాటిని విడిగా చెప్పని గణనను మేం గణనగా లెక్కలోకి తీసుకోం.

మిగిలిన ఘరియాల్‌లలో అత్యధిక భాగం ఉన్నది చంబల్‌లోనే. మిగతా ఉత్తరాది నదులతో పోలిస్తే నీరు శుభ్రంగా ఉండడం, ఎత్తయిన ఇసుక తిన్నెలు, లోతైన మడుగులు ఉండడం ఇందుకు కారణం. అలాగని ఇది మనిషి చెయ్యి పడని నదేమీ కాదు. ఎగువన గాంధీసాగర్, రాణాప్రతాప్‌సాగర్, జవహర్‌సాగర్, ఆ కింద కోటా బ్యారేజీ వరుసగా ఉన్నాయి. కోటా దగ్గర కుడి, ఎడమ కాలువల్లోకి నీళ్లు మళ్లాక వర్షాలు లేని నెలల్లో నదిలో మిగిలేది కొద్దిగానే. పార్వతి వంటి ఉపనదులు కలిశాకే అది మళ్లీ నదిలా కనిపిస్తుంది. దానికి తోడు ఇసుక తవ్వకం, ఒడ్డున మోటార్లు, నది గర్భంలో దోస, పుచ్చ సాగు, నైలాన్ వలలు. ఇలాంటి నదిలో మొసలి సంఖ్యను నీటి నుంచి, మనుషుల పనుల నుంచి విడదీసి చూడడం కుదరదు.

ఇక లెక్కపెట్టే తీరు. ఘరియాల్‌ను చలికాలంలో పగటిపూట లెక్కిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీరు చల్లగా ఉంటుంది కాబట్టి ఒంట్లో వేడి కోసం అది గట్టెక్కి ఇసుక మీద ఎండ కాచుకోక తప్పదు. పొద్దుటే వెళితే లాభం లేదు. ఇసుక వేడెక్కాలి. దాదాపు పదకొండు నుంచి నాలుగు గంటల మధ్య ఎక్కువ కనిపిస్తాయి. జనవరిలో ఆ ప్రాంతంలో పొగమంచు మధ్యాహ్నం దాకా విడవని రోజులుంటాయి. అలాంటి రోజు ప్రయాణం ఆపేయడమే మంచిది. బడ్జెట్ అయిపోతుందనో, పడవ అద్దె పోతుందనో అదే రోజు ముందుకు సాగితే ఆ ఇరవై కిలోమీటర్లలో మొసళ్లు 'తగ్గిపోతాయి'. రోజుకు ఎంత నది చూడగలమన్నదీ ఈ ఐదు గంటలే తేలుస్తాయి. పడవ గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున వెళ్లినా ముప్ఫై కిలోమీటర్లే. ఆగి లెక్కపెట్టే సమయం, ఇసుకలో పడవ దిగబడితే దిగి తోసే సమయం తీసేస్తే ఇరవై, ఇరవై ఐదుకు మించవు. అంతకు రెట్టింపు దూరం ఒక్క రోజులో చూశామని ఎవరైనా అంటే, గట్టు మీద మొసళ్లు నీళ్లలోకి జారాక వెనక నుంచి వెళ్లారనే అర్థం.

పడవలో కనీసం నలుగురు ఉండాలి. సరంగు, కుడి ఒడ్డు చూసే మనిషి, ఎడమ ఒడ్డు చూసే మనిషి, రాసే మనిషి. రాసేవాళ్లను చూడమనకూడదు, చూసేవాళ్లను రాయమనకూడదు. ఫారం మీదకు తలవంచిన ఆ పది సెకన్లలోనే ఒక పెద్ద మొసలి చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగిపోతుంది. బైనాక్యులర్లు ఎనిమిది లేదా పది రెట్లవి సరిపోతాయి. అంతకు మించినవి కదిలే పడవలో చేతిలో నిలవవు. జీపీఎస్, నీటి వేడి కొలిచే థర్మామీటరు, 400 మిల్లీమీటర్ల లెన్సున్న కెమెరా తప్పనిసరి. తిన్నె రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఉండగానే మోటారు ఆపి తెడ్డు మీద వెళ్లాలి. దూరం నుంచే ఒకసారి మొత్తం లెక్క, దగ్గరయ్యాక సైజుల వారీ లెక్క. దూరం నుంచి పద్దెనిమిది కనిపించి, దగ్గరికొచ్చేసరికి పదకొండే మిగిలితే రాయాల్సింది పద్దెనిమిదే. మిగతా ఏడింటి ఎదురుగా 'సైజు తెలియదు' అని రాయాలి. వాటిని తోచిన సైజుల్లో సర్దడం పెద్ద తప్పు. బెదురు ఎక్కువగా ఉండేది పెద్ద మొసళ్లకే. ముందుగా దిగిపోయేవీ అవే. సర్దేసినప్పుడల్లా పెద్దవాటి వాటా కాగితం మీద తగ్గుతూ పోతుంది.

ప్రయాణం ఎప్పుడూ నది వాలు వెంటే సాగాలి. లెక్కపెట్టిన చోటికి వెనక్కి వెళ్లకూడదు. నది రెండు పాయలుగా చీలిన చోట రెండు పడవలు ఒకే సమయంలో రెండు పాయల్లోకీ దిగాలి. ఒక్క పడవే ఉంటే ఒక మనిషిని లంక మీద దింపి రెండో పాయ లెక్క ఒడ్డు నుంచి తీసుకోవాలి. నదిని ఐదు కిలోమీటర్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మొదలు, చివర జీపీఎస్‌లో నమోదు చేసి, ఏటా అవే ముక్కలు వాడాలి. పోయినసారి ఆలయం దగ్గర, ఈసారి రేవు దగ్గర మొదలుపెడితే ఆ రెండు లెక్కల్నీ పోల్చలేం. కొన్ని ముక్కలు చూసి మొత్తం నదికి హెచ్చించే అలవాటు ఘరియాల్ విషయంలో అసలు పనికిరాదు. చలికాలం చివరికి అవి జత కట్టే చోట్ల గుంపులుగా చేరతాయి. ఒక తిన్నె మీద డెబ్భై, ఆ తర్వాత ఇరవై కిలోమీటర్లు ఒక్కటీ లేకపోవడం మామూలే. గుంపున్న ముక్క నమూనాలో పడితే నది నిండా మొసళ్లే, పడకపోతే నది ఖాళీ.

చంబల్‌లో మగ్గర్ మొసళ్లూ ఉన్నాయి. పెద్దవాటిని పోల్చుకోవడం తేలికే. ఘరియాల్ మూతి సన్నగా పొడవుగా, మగ్గర్ మూతి వెడల్పుగా ఉంటుంది. ఈడొచ్చిన మగ ఘరియాల్‌కు మూతి చివర కుండలాంటి బొడిపె ఉంటుంది. చిక్కల్లా చిన్నవాటితోనే, అదీ వెనక నుంచి కనిపించినప్పుడే. మూతి కనబడకపోతే 'మొసలి, జాతి తెలియదు' అని రాయడానికి ఫారంలో ఒక గడి ఉండాలి. ఆ గడి లేని ఫారంలో అలాంటివన్నీ ఘరియాల్ గడిలోకే వెళ్లిపోతాయి.

ఇంత జాగ్రత్త పడ్డా చేతికొచ్చేది కనిపించినవాటి లెక్కే. మన చూపు తప్పించుకునేవి రెండు రకాలు. మొదటి రకం గట్టు మీదే ఉండి కూడా మన కంట పడనివి. వీటిని పట్టుకోవడానికి ఒకే పడవలో రెండు జట్లను ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కూర్చోబెట్టి విడివిడిగా రాయించాలి. ఉదాహరణకు ఒక ముక్కలో మొదటి జట్టు 40 చూసింది, రెండో జట్టు 36 చూసింది, ఇద్దరికీ కనిపించినవి 30 అనుకుందాం. రెండో జట్టు చూసిన 36లో మొదటి జట్టు పట్టుకున్నవి 30, అంటే మొదటి జట్టు చూపు ఆరింట ఐదు వంతులు. 40ని ఆరుతో గుణించి ఐదుతో భాగిస్తే 48. ఇద్దరూ కలిసి చూసినవి 46 కాబట్టి ఇద్దరి కళ్లూ తప్పించుకున్నవి సుమారు రెండు. ఈ లెక్క వేయడానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. రెండు జట్లు నిజంగా మౌనంగా ఉంటే చాలు. ఒకడు 'అదిగో' అని చెయ్యి చూపించాడంటే ఆ ముక్క లెక్క పోయినట్టే.

రెండో రకం ఇంకా కష్టం. ఇవి ఆ క్షణంలో నీళ్లలో మునిగి ఉన్నవి. ఎంతమంది చూసినా ఇవి కనిపించవు. ఇవి ఎన్నో తెలియాలంటే అదే నదిని అదే కాలంలో పలుమార్లు చూడాలి, లేదా తోక పొలుసులకు రేడియో ట్యాగులు కట్టిన మొసళ్లు ఉండాలి. ఒక భాగంలో ట్యాగున్న మొసళ్లు ఇరవై ఉన్నాయని రిసీవర్ చెబుతోంది, మనం వెళ్లినప్పుడు గట్టు మీద పద్నాలుగు ఉన్నాయి. అంటే నూటికి డెబ్భై కనిపిస్తున్నాయి. అప్పుడు 210 లెక్కతేలితే అక్కడ ఉన్నవి 300. అదే 300 ఉన్న నదికి మబ్బు పట్టి గాలి వీచే రోజున వెళ్లి, నూటికి యాభయ్యే గట్టెక్కి ఉంటే మన కాగితం మీద పడేది 150. ఒక్క మొసలీ చావకుండానే 29 శాతం తగ్గుదల. మర్నాడు పత్రికలో అదే శీర్షిక. కనిపించే వంతు ఎంతో చెప్పకుండా రెండేళ్ల అంకెలను పోల్చవద్దని మేం అనేది ఇందుకే.

ట్యాగు కట్టకుండానే మొసళ్లను ఒక్కొక్కటిగా గుర్తుపట్టే మార్గం కూడా ఉంది. ఘరియాల్ తోక మీది ముదురు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. వాటి ఫొటోలతో చంబల్‌లో చేసిన సంఖ్యా అంచనా 2012లో ప్రచురితమైంది. మొదటి విడతలో ఫొటో దొరికినవి తర్వాతి విడతల్లో ఎన్ని మళ్లీ దొరికాయో చూసి మొత్తం ఎన్నో లెక్కకడతారు. ఖర్చు తక్కువ, మొసలిని పట్టే పనే లేదు. కానీ ఫొటో తీసే తీరులోనే చాలావరకు చెడుతుంది. కుడి వైపు ఫొటోను ఎడమ వైపు ఫొటోతో జతచేయలేం కాబట్టి రెండు వైపులకూ వేర్వేరు జాబితాలు కావాలి. బురద పూసుకున్న తోక పనికిరాదు. నీళ్లలోంచి అప్పుడే ఎక్కిన మొసలి తోక శుభ్రంగా ఉంటుంది, తడి మీద మచ్చలు స్పష్టంగా తేలతాయి. పడవ పక్క నుంచి తీసినది బాగుంటుంది. వెనక కోణంలో తీసినదాంట్లో మచ్చలు ఒకదానిలోకి ఒకటి కుదించుకుపోతాయి. మసక ఫొటోను మొహమాటం లేకుండా పారేయాలి. దాన్ని ఉంచి 'కొత్త మొసలి'గా రాస్తే మొత్తం అంచనా ఉబ్బుతుంది.

సైజుల విభజన మామూలుగా 90 సెంటీమీటర్ల లోపు, 90 నుంచి 180, 180 నుంచి 270, ఆపైన అని నాలుగు వరసలుగా చేస్తారు. కళ్లతో పొడవు చెప్పడంలో మనుషులు బాగా తేడా పడతారు కాబట్టి సర్వేకు ముందు ఒడ్డున తెలిసిన పొడవుల వెదురు గడలు పెట్టి, పడవలోంచి చెప్పించి సరిచూసుకోవాలి. జూన్‌లో పుట్టిన పిల్లల్ని మాత్రం మొత్తంలో ఎప్పుడూ కలపకూడదు. గుడ్లు పగిలిన వారంలో నదిలో వేల పిల్లలు ఉంటాయి. వానాకాలం వరదకు వాటిలో అత్యధిక భాగం కొట్టుకుపోతాయి. చలికాలం గణనలో కనిపించే 90 సెంటీమీటర్ల లోపువి ఆ వరద దాటినవి. అవి కూడా విడి గడిలోనే ఉండాలి. పెంపక కేంద్రంలో పెరిగి వదిలినవాటికి తోక పొలుసుల్లో కొన్నిటిని గుర్తుగా కత్తిరిస్తారు. దగ్గరి ఫొటోలో ఆ ఖాళీ కనిపిస్తే 'వదిలినది' అని రాయాలి. నది తనంతట తాను ఎన్నిటిని పెంచుకుంటోందో తేలేది అలాగే.

అన్నిటికంటే మేం ఎక్కువగా నమ్మేది గూళ్ల లెక్క. ఆడ ఘరియాల్ ఏడాదికి ఒకే గూడు పెడుతుంది. కాబట్టి గూళ్లు ఎన్నో, ఆ ఏడు గుడ్లు పెట్టిన ఆడవి కనీసం అన్ని. దీనికి ఎండ, పొగమంచు అడ్డు రావు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా రాత్రిపూట నిటారైన ఇసుక గట్ల మీదకు ఎక్కి తవ్వుతాయి. పొద్దున్నే వెళితే ఇసుక మీద కాళ్ల గుర్తుల వరస, మధ్యలో తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి. ఆ గీత చివర గుంట ఉన్నంత మాత్రాన గూడు కాదు. గుడ్లు పెట్టేముందు చాలా గుంటలు తవ్వి వదిలేస్తాయి. ఖాళీ గుంటలో ఇసుక వదులుగా, పొడిగా పక్కకు చిమ్మి ఉంటుంది. గూడు మీద ఇసుకను మళ్లీ కప్పి తొక్కినట్టు ఉంటుంది, కింద నుంచి పైకొచ్చిన తడి ఇసుక రంగు కాస్త ముదురుగా ఉంటుంది. నిర్ధారించుకోవడానికి కర్ర పొడవకూడదు. వేళ్లతో మెల్లగా తీయాలి, మొదటి గుడ్డు పైభాగం తగలగానే ఆపి మళ్లీ కప్పాలి. ఏ కారణానికైనా గుడ్డును పైకి తీయాల్సి వస్తే ముందు దాని పైవైపున పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిప్పకుండా అదే వైపు పైకి ఉండేలా పెట్టాలి. పెట్టిన రోజు తర్వాత పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, తిప్పితే చచ్చిపోతుంది. గుడ్డు చెడిపోయిందని బయటికి తెలియదు కూడా, రెండు నెలలు ఆశతో ఎదురుచూసినా చివరికి పగలదు. తర్వాత జూన్‌లో ఖాళీ పెంకులు లెక్కపెడితే ఎన్ని గూళ్లు పండాయో తేలుతుంది. నక్క తవ్విన గూడు, ఎగువ నుంచి వదిలిన నీట మునిగిన గూడు, ట్రాక్టరు చక్రం కింద పోయిన గూడు వేర్వేరు గడుల్లో రాయాలి. మొదటిది ఎప్పుడూ ఉన్నదే, తక్కిన రెండూ మనిషి చేసేవి.

ఆ మాటకొస్తే మనుషుల పనుల లెక్క కూడా మొసళ్ల ఫారంలోనే ఉండాలి. ప్రతి ఐదు కిలోమీటర్ల ముక్కలో ఇసుక తవ్వే చోట్లు, ట్రాక్టర్లు, నీళ్లు తోడే మోటార్లు, వలలు, నది గర్భంలో సాగు, పశువులు, కుక్కలు, రేవులు ఎన్ని ఉన్నాయో అదే మనిషి అదే గంటలో రాయాలి. విడిగా ఇంకో బృందం ఇంకో నెలలో చేసిన సర్వేను దీనికి అతికించలేం. మొసళ్లు లేని తిన్నె మీద ఆ మధ్యాహ్నం మూడు ట్రాక్టర్లు ఉన్నాయన్న సమాచారం లేకపోతే, అక్కడ మొసళ్లు చచ్చిపోయాయో పక్కకు వెళ్లాయో ఎలా చెబుతాం? నీటిమట్టం కూడా అంతే. ధోల్‌పూర్, ఉడి దగ్గర కేంద్ర జలసంఘం కొలతలు ఉంటాయి. ఆ రోజు మట్టం అంకె ఫారంలో ఉండాలి. మట్టం తగ్గితే కొత్త తిన్నెలు బయటపడి మొసళ్లు ఎక్కువ కనిపిస్తాయి. ఎగువ నుంచి వదిలితే తిన్నెలు మునిగి లెక్క పడిపోతుంది.

2007 డిసెంబరు నుంచి 2008 మార్చి లోపు దిగువ చంబల్‌లో వందకు పైగా ఘరియాల్‌లు చనిపోయాయి. కోసి చూస్తే మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం గడ్డకట్టి కనిపించింది. యమునలోని విషం చేపల ద్వారా వచ్చి ఉంటుందన్నది బలమైన అనుమానం. అప్పటి నుంచి రేడియో ట్యాగులతో చేసిన పరిశీలనలో ఘరియాల్‌లు రుతువును బట్టి వంద కిలోమీటర్లకు పైగా తిరుగుతాయని తేలింది. చంబల్ చాలా దూరం మధ్యప్రదేశ్‌కు రాజస్థాన్‌తో, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌తో సరిహద్దు. ఒక ఒడ్డు ఒక రాష్ట్రానిది, ఎదుటి ఒడ్డు ఇంకో రాష్ట్రానిది. రెండు రాష్ట్రాలు వేర్వేరు నెలల్లో లెక్కపెడితే ఒకే మొసలి రెండు జాబితాల్లో పడుతుంది, లేదా రెండిట్లోనూ పడదు. మూడు రాష్ట్రాలూ ఒకే వారంలో, ఒకే ఫారంతో, పార్వతి వంటి ఉపనదులను కూడా కలుపుకొని లెక్కించాలి. ఇది శాస్త్రవేత్తల చేతిలో ఉన్న పని కాదు, ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకోవాల్సింది.

డ్రోన్ల గురించి రెండు మాటలు. నేపాల్‌లోని బబై నదిలో వాటితో లెక్కపెట్టారు, పడవ వెళ్లలేని చోట బాగా పనికొస్తాయి. మునిగినవాటిని అవీ చూపించలేవు. మరీ కిందికి దింపితే మొసళ్లు బెదిరిపోతాయి.

ఇప్పుడు మన మంజీర. సింగూరు, మంజీర బ్యారేజీల మధ్య నదిని 1978లో అభయారణ్యం చేశారు. అక్కడ ఉన్నవి మగ్గర్ మొసళ్లు, వాటి మధ్య నుంచే హైదరాబాద్‌కు తాగునీళ్లు వెళతాయి. అక్కడ చంబల్ పద్ధతి యథాతథంగా పనిచేయదు. మగ్గర్ గట్టులో బొరియ తవ్వి దాక్కుంటుంది, లంకల చుట్టూ జమ్ము, గుర్రపు డెక్క అడ్డం. అందుకే పగటి లెక్కతో పాటు రాత్రి టార్చి లెక్క తప్పదు. వెలుతురు పడితే మొసలి కన్ను నిప్పు రవ్వలా ఎర్రగా మెరుస్తుంది. ఆ కాంతి వచ్చిన దారినే తిరిగి వెళుతుంది కాబట్టి టార్చిని కంటి పక్కనే, కంటి ఎత్తులోనే పట్టాలి. నడుము దగ్గర పట్టుకుంటే సగం కళ్లు మెరవవు. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులు ఎంచుకోవాలి. చీకటి పడ్డ అరగంట తర్వాత మొదలుపెట్టాలి, గాలికి అలలు లేస్తే ఆపేయాలి. ఒడ్డున మెరిసే ప్రతి చుక్కా మొసలి కాదు, సాలీళ్ల కళ్లూ, పశువుల కళ్లూ మెరుస్తాయి. పదిహేను ఇరవై మీటర్ల దగ్గరికి వెళ్లి తల పొడవు చూడగలిగితే దాన్ని ఏడుతో హెచ్చిస్తే మొత్తం పొడవు దాదాపుగా వస్తుంది. ఈ సూత్రం ఘరియాల్‌కు పనికిరాదు, దాని మూతే అంత పొడవు. దగ్గరికి వెళ్లేలోపు మునిగిపోతే 'కళ్లు మాత్రమే' అని రాసి వదిలేయాలి. మోటారు జమ్ములో చిక్కుకుంటుంది కాబట్టి అక్కడ గడ వేసే మనిషి కావాలి. ఆ నీళ్లు తెలిసిన స్థానిక జాలరిని మించినవాళ్లు దొరకరు.

మంజీరలో నీటిమట్టం మరీ ముఖ్యం. ఎండాకాలం జలాశయం కుంచించుకుపోయినప్పుడు మొసళ్లన్నీ మిగిలిన మడుగుల్లో చేరతాయి, కిలోమీటరుకు లెక్క దానంతట అదే పెరుగుతుంది. ఒక ఏడు నిండు చెరువులా ఉన్నప్పుడు, మరో ఏడు అడుగు కనిపిస్తున్నప్పుడు లెక్కపెట్టి పెరిగాయనడం తప్పు. మట్టం ఒకేలా ఉన్న నెలను ఎంచుకోవాలి, కుదరకపోతే ఆ ఏడు పోలిక మానేయాలి. మొసలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జీవి. దాని గూళ్లు తాకే ఏ పనికైనా ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి అనుమతి ఉండాలి. ఉత్సాహంతో టార్చి, పడవ తీసుకుని ఎవరికి వారు బయల్దేరవద్దని మీ పాఠకుల్లో యువకులకు మా విన్నపం.

చివరగా పత్రికకు మా అభ్యర్థన. గణన వార్త వేసేటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఎన్ని కిలోమీటర్లు చూశారో, ఏ తేదీల్లో చూశారో, నిరుడు చూసినదీ అదే దూరమా కాదా అన్నది అధికారులను అడిగి రాయండి. మొత్తంలో పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని, వదిలినవి ఎన్ని అని విడగొట్టి వేయండి. ఒకే ఏడాది తేడాను పట్టుకుని పెరిగాయి, తగ్గాయి అనకుండా, అదే పద్ధతిలో వచ్చిన ఐదారేళ్ల అంకెలను పక్కపక్కన ఇవ్వండి. వీటన్నిటికీ చోటు లేదంటే శాతాన్ని తీసేసి ఆ స్థలంలో ఆ ఏడాది గూళ్ల సంఖ్య వేయండి.

ఇట్లు
నది మొసళ్ల సర్వేల్లో పనిచేసే కొందరు తెలుగువాళ్లం